వకాల్తా మీద ఒక్కటే పేరు

పోయిన వారం మనం ఆశన్నను బీరువా ముందు కూలబడ్డవాణ్ణి కూలబడ్డట్టే వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా లేవలేదు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఎల్లారెడ్డి కోర్టుకు ఎదురుగా, ఎరువుల దుకాణం పక్క గదిలో బాలకృష్ణ వకీలు ఆఫీసు. ముప్పై అయిదేళ్ళుగా దానికి గుమాస్తా ఆశన్న. మూడేళ్ళ కిందట గాంధారి దగ్గరి తండా నుంచి రేఖ అనే పిల్ల నల్లకోటు వేసుకుని జూనియర్‌గా వచ్చి చేరింది. ఆ పిల్లకు ఈ నెలలో ఒకటి కాదు, మూడు ఉద్యోగాలు వచ్చాయి. ఆమె మనసు మాత్రం సర్కారు ప్రాసిక్యూటర్ కొలువు మీద ఉంది. గురువారం హైదరాబాద్‌లో కాగితాల పరిశీలన. మూడేళ్ళు కోర్టులో నిలబడ్డట్టు రుజువు చూపాలి. రుజువంటే ఆమె పేరున్న వకాల్తాలు, కోర్టు ముద్రతో సహా. "తాతా, జర ఆ కాగితాలు తీసి పెట్టు" అని చెప్పి రేఖ సోమవారం పొద్దున కోర్టుకు వెళ్ళింది. ఆశన్న బీరువా తెరిచాడు. తెరిచాక గాని తాను చేసిన ఘనకార్యం ఆయనకు గుర్తు రాలేదు.

వకాల్తా అంటే "నా తరఫున ఈ వకీలు మాట్లాడుతాడు" అని కక్షిదారు వేలిముద్ర వేసి ఇచ్చే కాగితం. దాని మీద పేరు లేని వకీలు కోర్టులో ఎంత గొంతు చించుకున్నా రికార్డు లెక్కన నోరు లేనివాడే. వకాల్తాలు నింపడం గుమాస్తా పని. ఏ వకీలూ దాన్ని చదవడు. గుమాస్తా వేలు పెట్టిన చోట సంతకం పెట్టి మళ్ళీ ఫోన్ అందుకుంటాడు. ఆ వేలి మీద ఆశన్నకు ఉన్నంత గర్వం వకీళ్ళకు తమ డిగ్రీల మీద కూడా ఉండదు.

ఆయన నూట అరవై కేసుల కట్టలు విప్పి చూశాడు. రేఖ పేరు పందొమ్మిదింటి మీద ఉంది. అవన్నీ ఆమె వచ్చిన మొదటి అయిదు నెలలవి. మిగిలిన నూట నలభై ఒకటింటి మీద బాలకృష్ణ పేరు ఒక్కటే ఉంది. ఆ కేసుల్లో సగానికి పైగా కోర్టులో నిలబడింది రేఖ. సాక్షులను చెమటలు పట్టేట్టు అడిగింది రేఖ. జామీను ఇప్పించింది రేఖ. ఆమె పేరు రాయకుండా వదిలేసింది ఆశన్న. చెయ్యి జారో, మరిచిపోయో కాదు. తెలిసి, ఆలోచించి, మంచిపని చేస్తున్నాననుకుని మరీ వదిలేశాడు.

"ఆశన్నా, ఏంది కింద కూసున్నవ్? నడుం పట్టిందా?"

గుమ్మంలో రేఖ తండ్రి తేజ్యా నిలబడి ఉన్నాడు. భుజం మీద సంచి, సంచిలో పచ్చి మక్క కంకులు. తేజ్యా ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతో రాడు. ఆశన్న గబగబా కట్టలు మూసి లేచాడు.

"పట్టిందిలే. వయసు ముదిరినంక ఏదో ఒకటి పడతది. కూసో. మీ బిడ్డ కోర్టుల ఉన్నది, తిండి యాళ్ళకు వస్తది."

తేజ్యా బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోయి వచ్చిన మనిషి. అరచేతులు ఇప్పటికీ బిరుసుగానే ఉన్నాయి. ఇయ్యాల తానెందుకొచ్చాడో చెప్పేశాడు. విత్తనాల కంపెనీ వాళ్ళకు సాయంత్రం అయిదింటిలోగా రేఖ జవాబు చెప్పాలి. ఆ పిల్ల వద్దంటుందట. నెలకు ఎనభై అయిదు వేలను ఎవరైనా వద్దంటారా అని ఇంట్లో రేఖ తల్లి హంస్లి పొద్దున్నుంచి పొయ్యి కూడా ముట్టించలేదట.

"నువ్వు జర చెప్పు అన్నా. నీ మాట ఇంటది."

ఆశన్న మంచినీళ్ళ చెంబు అందుకుని గడగడా తాగాడు. తనకు దాహం లేదన్న సంగతి తాగాక తెలిసింది.

ఒంటిగంటన్నరకు రేఖ వచ్చింది. కోటు తీసి కుర్చీకి తగిలించి, తండ్రిని చూసి నవ్వింది. "యాడి పంపిందా నిన్ను?" తండాలో అమ్మను యాడి అంటారు.

"నేనే వచ్చిన."

"యాడి పంపితేనే వచ్చినవ్." టిఫిన్ విప్పింది. జొన్న రొట్టెలు, వంకాయ కూర. ముగ్గురికీ పంచింది. ఆశన్న ముందు రెండు రొట్టెలు పెట్టింది. రోజూ మూడోది అడిగే మనిషి ఇయ్యాల మొదటిదాన్నే తుంచి తుంచి పక్కన పెడుతున్నాడు.

తేజ్యా సూటిగా మొదలుపెట్టాడు. "మూడు కొలువులంటివి. నాకు సమజయ్యేటట్టు చెప్పు. ఏది ఎంతిస్తది?"

రేఖ చెప్పింది. హైదరాబాద్‌లో పెద్ద లా ఫర్మ్. తన కాలేజీ స్నేహితురాలు మనోజ్ఞ అక్కడే చేస్తుంది. నెలకు లక్షా ముప్పై వేలు. చేరిన రోజే ఇంకో లక్షన్నర చేతిలో పెడతారు. ఏడాదిన్నరలోపు మానేస్తే అది వాపసు ఇయ్యాలి.

తేజ్యా నములుతున్నవాడల్లా ఆగాడు. "చేరకముందే పైసలిస్తరా?"

"ఇస్తరు."

"అది కూలీలను తోలుకపోయే ముకద్దం ఇచ్చే అడ్వాన్సు బిడ్డా. పేరు ఏదైతేంది. నాకూ ఇచ్చిండు. ముందు యాభై వేలు చేతుల పెడతడు, ఆర్నెల్లు మనిషిని కట్టేసుకుంటడు. జరమొచ్చినా కత్తి పట్టాలె. మీ మనోజ్ఞ పొద్దుగాల ఎప్పుడు పోతది, మాపటికి ఎప్పుడు వస్తది?"

"పదింటికి పోయి పన్నెండింటికి వస్తది. ఆదివారం కూడా ఫోన్ల మీదనే ఉంటది. కోర్టుల మాత్రం అయిదారేండ్ల దాకా నోరు తెరవనియ్యరు. ఫైళ్ళు మోసుకపోయి సీనియర్ ఎన్క కూసుండుడే."

"అయితే రెండు కూలీల పని చేసి కూలిన్నర తీసుకుంటున్నది ఆ పిల్ల. అది వద్దు."

"దానికి మొన్ననే వద్దని రాసిన బాపూ" అని రేఖ నవ్వింది. మనోజ్ఞ ఆరునెలల జీతం పెట్టి కొన్న వస్తువుల్లో ఒక్కటీ ఇంకా వాడలేదని, వాడే తీరిక దొరకలేదని కూడా చెప్పింది. తేజ్యాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. అంత జీతం ఉన్నవాళ్ళ మీద జాలిపడే అవకాశం ఆయనకు రోజూ రాదు.

"మరి కంపెనీ? దాన్ల ఏం రోగమున్నది?"

"రోగమేం లేదు. మంచి కొలువే. తొమ్మిదింటికి పోతె ఆరింటికి రావచ్చు. శని, ఆదివారాలు సెలవు. కారు ఇంటి ముంగటికే వస్తది. నీకు, యాడికి దవఖాన ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకుంటరు."

"మరి?"

రేఖ కుర్చీకి తగిలించిన కోటు వైపు చూసింది. "గిది తీసెయ్యాలె బాపూ. కంపెనీల జీతానికి కుదిరిన వకీలు కోర్టుల నిలబడొద్దని కానూన్ ఉన్నది. వకీలని ఇచ్చిన లైసెన్సు, గా సనద్ వాపస్ ఇచ్చి పోవాలె. కేసు కాగితాలు నేను తయారు చేస్త, ఇంకో వకీలు వచ్చి మాట్లాడి పోతడు."

"వండేది నువ్వు, వడ్డించేది ఇంకొకలు."

"గట్లనే. సర్కారుది గట్ల కాదు. చేతికి డెబ్బై వేల దాకా వస్తది. కంపెనీ కన్న తక్కువే, ఫర్మ్ ఇచ్చేదాంట్ల సగం. కానీ రోజూ నిలబడొచ్చు. రోజూ నేనే మాట్లాడొచ్చు."

తేజ్యా రొట్టె ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు. "పట్టా భూమి అన్నట్టు. పంట జర తక్కువైనా ఎవడూ లెవ్వుమనడు. సరే తియ్యి. మీ యాడికి నేను చెప్త."

"మరి ఇక్కడ ఎంతిస్తరో అడగవా?" అని రేఖ ఆట పట్టించింది.

అది అందరికీ తెలిసిందే. బాలకృష్ణ నెలకు నాలుగు వేలు, బస్సు కిరాయి ఇస్తాడు. చిన్న ఊళ్ళ కోర్టుల్లో జూనియర్‌కు అది కూడా ఎక్కువేనంటారు. చాలామంది సీనియర్లు విద్య నేర్పుతున్నందుకు ఎదురివ్వమని అడగకపోవడమే గొప్ప. గుమాస్తాకు మాత్రం ప్రతి కాగితానికీ కక్షిదారు యాభయ్యో వందో పెడతాడు. నెల తిరిగేసరికి ఆశన్నకు పదిహేను వేలకు తక్కువ రాదు. అంటే ఆ ఆఫీసులో నల్లకోటు కన్నా గళ్ళ అంగీకే సంపాదన ఎక్కువ. ఈ సంగతి ఆశన్నను లోపల గుచ్చుతూనే ఉండేది. అందుకే మూడేళ్ళుగా రేఖ చాయ్ పైసలు ఆమెను ఇయ్యనియ్యలేదు.

రేఖ కోటు తొడుక్కుంది. "నాలుగింటికి కోర్టు లేస్తది. వచ్చి కంపెనీకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్త. తాతా, వకాల్తాలు తీసినవా?"

"తీస్తున్న బిడ్డా" అన్నాడు ఆశన్న. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

ఆమె వెళ్ళిపోయింది. తేజ్యా బల్ల మీద ఒరిగి కునుకు తీశాడు. ఆశన్న ఒక్కడే మిగిలాడు. ఒంటరిగా ఉన్న మనిషి దగ్గరికి మంచి ఆలోచనలు నడిచి వస్తాయి, చెడ్డవి పరుగెత్తుకొస్తాయి.

చెప్పకపోతే ఏమవుతుంది? అయిదు దాటితే కంపెనీ పోతుంది. గురువారం దాటితే సర్కారు కొలువు పోతుంది. ఫర్మ్ ముందే పోయింది. అప్పుడు రేఖ ఎక్కడికి వెళుతుంది? ఎక్కడికీ వెళ్ళదు. రేపు పొద్దున తొమ్మిదిన్నరకు గాంధారి బస్సు దిగి, సంచి బల్ల మీద పడేసి, "తాతా, ఇయ్యాల ఎన్ని పేషీలు?" అని అడుగుతుంది. ఎల్లుండి కూడా అడుగుతుంది. ఈ గదిలో పొద్దంతా మాట వినిపిస్తుంది. ఎవరూ చదవని ఆయన దస్తూరిని "నీ అక్షరాలు ముత్యాలు తాతా" అని మెచ్చుకునే మనిషి ఇక్కడే ఉంటుంది.

ఆశన్న తన చెంప మీద తానే ఫెడేలుమని ఒకటి వేసుకున్నాడు.

తేజ్యా కళ్ళు తెరవకుండానే, "దోమలు బాగున్నయా అన్నా?" అన్నాడు.

"ఒక్కటే ఉన్నది. పెద్దది" అన్నాడు ఆశన్న.

నాలుగుంబావుకు రేఖ వచ్చింది. ముఖం కళకళలాడుతోంది. వస్తూనే ఫోన్ తీసి కంపెనీ నంబరు వెతకసాగింది. ఆశన్న లేచి, ఆమెకూ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు.

"ఫోన్ చెయ్యకు బిడ్డా. చేస్తే సరేనని చెప్పు."

"ఏంది తాతా?"

"నీ పేరు లేదు."

రేఖకు అర్థం కాలేదు. ఆశన్న కట్టలు తెచ్చి బల్ల మీద పరిచాడు. పందొమ్మిది ఒక పక్క, నూట నలభై ఒకటి ఇంకో పక్క. రేఖ ఒకటి తీసి చూసింది. ఇంకొకటి చూసింది. పదో పన్నెండో చూశాక చూడటం ఆపేసి కుర్చీలో కూర్చుంది. అక్షరాలు ముత్యాల్లాగే ఉన్నాయి.

"మరిచిపోయినవా?"

అవుననేస్తే సరిపోయేది. ముసలితనం అనేది ఎవరైనా క్షమించే నేరం. ఆశన్నకు ఆ తలుపు కనిపించింది, కాని అటు వెళ్ళలేదు.

"లేదు. కావాలనే రాయలె. మంగవ్వ యాదికున్నదా నీకు?"

ఉంది. మంగవ్వ కొడుకు మల్లేష్ పొలం ఒడ్డు దగ్గర కొట్లాడి కేసులో ఇరుక్కున్నాడు. రేఖ ఇప్పించిన మొదటి జామీను అదే. ఆ తర్వాతి వాయిదాకు తల్లీకొడుకులు రాలేదు. వారెంట్ వెళ్ళింది. మల్లేష్ వారం రోజులు జైల్లో ఉన్నాడు.

"వారెంట్ వాపస్ తీసుకునే దరఖాస్తు నేనే రాసిన" అంది రేఖ. "పాణం బాగలేక రాలేదని రాసిన."

"నేనే గట్ల రాయమన్న. పాణం మంచిగనే ఉండె. ఆ అవ్వ వకాల్తా మీద వేలిముద్ర పెట్టి పోయినంక బస్టాండ్ల ఎవరితోనో చదివించుకున్నది. ఇద్దరు వకీళ్ళ పేర్లున్నయని వాడు చెప్పిండు. ఇద్దరంటే రెండు ఫీజులని అనుకున్నది. ఒక్క ఫీజుకే మేకను అమ్మింది. రెండో ఫీజుకు ఏం అమ్మాలె? మొకం చూపెట్టలేక ఇంట్లనే కూసున్నది. కొడుకు జైల్లకు పోయినంక వచ్చి నా కాళ్ళ మీద పడ్డది. 'ఒక్క వకీల్‌నే ఉంచు అన్నా, ఇద్దరిని మోయలేను' అన్నది."

తేజ్యా లేచి కూర్చున్నాడు.

"పేర్లు ఎన్నున్నా ఫీజు ఒక్కటేనని చెప్తే అయిపోవు కద తాతా" అంది రేఖ.

"చెప్పలేదనుకున్నవా? మస్తు మందికి చెప్పిన. సరే సరే అని తలకాయ ఊపుతరు. మల్ల వాయిదాకు రారు. ఇంకో ఇద్దరు గట్లనే రాలె. ఒక్క పేరుంటే దర్జాగ వస్తున్నరు. అప్పటి సంది నీ పేరు రాసుడు బంద్ చేసిన. నువ్వు నిలబడతనే ఉన్నవ్ కద, పేరుదేమున్నది అనుకున్న. పేరు నీకు గిట్ల అక్కరకొస్తదని నాకెర్కలేదు బిడ్డా."

"అన్న అన్నది నిజమే" అని తేజ్యా మెల్లగా అన్నాడు. "కోతకాడ ఎన్ని కొడవండ్లు దిగితే అన్ని కూలీలు. నేనైనా గట్లనే అనుకునేటోణ్ణి. రెండు పేర్లు చూస్తే నేను కూడా వాయిదాకు రాకపోయేటోణ్ణి."

తండ్రి కూడా అటు పక్కకే వెళ్ళేసరికి రేఖకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనూ ఏమంటలేను బాపూ. మంగవ్వను నేను తిడతనా? కానీ మూడేండ్లు నిలబడ్డ. కాళ్ళు గుంజంగ నిలబడ్డ. మెజిస్ట్రేట్ మేడం నా వాదన విని రెండుసార్లు మెచ్చుకున్నది. గివన్ని చూస్తే నేనసలు ఆ గదిలకు రానే లేనట్టున్నది." వేలితో కట్ట మీద తట్టింది. "యాడున్నన తాతా నేను, వీటిల్ల?"

ముప్పై అయిదేళ్ళలో ఏ వకీలు ఏ ప్రశ్న అడిగినా ఆశన్న దగ్గర ఏదో ఒక కాగితం ఉండేది. దీనికి మాత్రం లేదు. వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. రేఖ ఆ చెయ్యి తోసెయ్యలేదు, తల కూడా ఎత్తలేదు.

అంతలో బయట కారు ఆగింది. బాలకృష్ణ కామారెడ్డి నుంచి వచ్చాడు. అరవై ఏళ్ళు, పొడుగు మనిషి. పొద్దున వెళ్ళినప్పటి కన్నా వచ్చేటప్పుడు హుషారుగా ఉన్నాడు. జిల్లా కోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి పంపిన పేర్లలో ఆయనదే మొదట ఉందట. ఆ పదవికి వచ్చే గౌరవ వేతనం ఆయన పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. కానీ బోర్డు మీద పేరు కింద ఆ రెండు మాటలు చూసుకోవాలని ఇరవై ఏళ్ళ కోరిక. ఆ శుభవార్త చెప్పబోయి, గదిలో ముఖాలు చూసి మానేశాడు.

ఆశన్నే అంతా చెప్పాడు. ఏమీ దాచలేదు, తన తప్పును ఏమీ తగ్గించలేదు. బాలకృష్ణ ఒక వకాల్తా తీసి కింద ఉన్న తన సంతకం చూసుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి ముఖం ఎర్రబడింది.

"టైమెంత?"

"నాలుగూ నలభై" అంది రేఖ.

"కంపెనీకి సరేనని చెప్పమ్మా. మంచి కొలువు. ఉన్నదాన్ని పోగొట్టుకోకు."

"ఇంకో తొవ్వ లేదా సార్?"

బాలకృష్ణ కిటికీ వైపు చూశాడు. "లేదు."

"ఉన్నది" అన్నాడు ఆశన్న. "సార్‌కు తెలుసు, చెప్తలేడు. కోర్టుల దరఖాస్తు పెట్టాలె. ఈ కేసులల్ల రేఖ నిలబడ్డది, పేరు రాయనిది గుమాస్తా తప్పు అని గుమాస్తా ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలె. మేడం రోజూ చూసిన మనిషే కాబట్టి ధ్రువపత్రం ఇయ్యమని హుకుం ఇస్తది. రేపు పెడితే బుధవారం చేతికొస్తది."

"తరువాత?" అని అడిగింది రేఖ.

"తరువాతేమున్నది. గంతే."

"తరువాత ఆయన గుమాస్తా కార్డు పోతది" అన్నాడు బాలకృష్ణ విసుగ్గా. ఆ విసుగు ఎవరి మీదో ఆయనకే తెలియదు. "కావాలని కాగితం తప్పు రాసిన గుమాస్తాను కోర్టు మెట్లెక్కనియ్యరు. అరవై నాలుగేండ్ల వయసుల ఇంకేం పని చేస్తడు?"

"వద్దు" అంది రేఖ. కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. "ఆ ముచ్చట మల్ల ఎవ్వరూ తియ్యొద్దు. కంపెనీకి సరేనని చెప్పి వస్త." ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచింది.

ఆమె అటు వెళ్ళగానే ఆశన్న తన కుర్చీలో కూర్చున్నాడు. సొరుగులోంచి బాండు కాగితం తీశాడు. "సార్, మీరు చెప్పుండ్రి, నేను రాస్త" అన్నాడు.

"నేను చెప్ప."

"అయితే నాకే వచ్చు." వేల ప్రమాణపత్రాలు రాసిన చెయ్యి అది. ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను, ఆశన్న, తండ్రి భీమన్న, వయసు అరవై నాలుగు సంవత్సరాలు. అంతవరకు కలం ఆగకుండా పోయింది. తర్వాతి మాట వృత్తి. అక్కడ ఆగింది. గుమాస్తా అని రాశాడు. రాసి దానివంక ఒక్కక్షణం చూశాడు. తర్వాత మళ్ళీ వంగి, పేరు వదిలెయ్యడం పూర్తిగా తన నిర్ణయమని, ఆ సంగతి వకీలు బాలకృష్ణకు గాని రేఖకు గాని తెలియదని రాశాడు.

వరండాలోంచి రేఖ మాటలు వినిపించడం లేదు. తేజ్యా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎనభై అయిదు వేలు తన బిడ్డకు దక్కుతున్నాయని ఆయనకు సంతోషం కలగాలి. ఎందుకో కలగడం లేదు.

రేఖ లోపలికి వచ్చింది.

"ఎప్పుడు చేరమన్నరు బిడ్డా?"

"మొదటి రోజు సనద్ వాపస్ ఇచ్చిన కాగితం తెచ్చుకోమన్నరు బాపూ." గోడకు ఆనుకుని నిలబడింది. "సరేనని అందామనుకున్న. నోరు రాలె. వద్దని చెప్పిన."

హంస్లికి ఏం చెప్పాలో తేజ్యాకు తెలియదు, కానీ లేచి వెళ్ళి బిడ్డ పక్కన నిలబడ్డాడు. బాలకృష్ణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆశన్న ఒక్కడే తల ఎత్తలేదు. ఇప్పుడు ఫర్మ్ లేదు, కంపెనీ లేదు. మిగిలిన ఒక్క కొలువుకూ తన ముందున్న కాగితం తప్ప దారి లేదు. ఆయన కలాన్ని అడుగుకు, సంతకం చోటికి తెచ్చాడు.

రేఖ మూడడుగుల్లో వచ్చి ఆ చోటు మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి బిడ్డా."

"తియ్య."

"నీ కొలువు పోతది."

"పోనియ్యి. నాలుగు వేలు, బస్సు కిరాయి ఉన్నయి కద. నీ పదిహేను వేలు పోగొట్టి నేను డెబ్బై వేలు తీసుకోవాల్నా? ఆ తన్ఖా నాకు అరగదు తాతా."

"ముసలోణ్ణి. ఇంకో రెండేండ్లు రాస్తనో లేదో. నీకు ముప్పై ఏండ్ల నౌకరి. లెక్క తెల్వదా నీకు?"

"తెల్వదు" అంది రేఖ. చెయ్యి అక్కడే ఉంది. కలం అక్కడే ఉంది. ఇద్దరివీ మొండి మెదళ్ళే. మూడేళ్ళు ఒక్క గదిలో కూర్చుంటే అలవాట్లు అంటుకోకుండా ఎట్లా ఉంటాయి.

బాలకృష్ణ కళ్ళద్దాలు పెట్టుకుని లేచాడు. "ఇద్దరూ జరగండి" అన్నాడు.

ఎవరూ జరగలేదు. ఆయన ఆ కాగితాన్ని రేఖ చేతి కిందినుంచి, ఆశన్న కలం కిందినుంచి మెల్లగా లాగి చదివాడు. వకీలుకు తెలియదు అన్న చోట ఆగాడు.

"తెలియదని రాసినవ్. నిజమే. తెలుసుకోలేదు. నువ్వు వేలు పెట్టిన చోటల్లా కండ్లు మూసుకొని సంతకం చేసిన. ఈ పిల్ల నా ముంగటనే కోర్టుల నిలబడుతుంటే, ఈమె పేరు యాడున్నదని ఒక్కసారన్న అడగలె." కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "నూట నలభై ఒక్క వకాల్తాల మీద ఉన్నది ఒక్కటే పేరు, ఆశన్నా. అది నాది. జవాబు చెప్పాల్సింది పేరున్నోడు. ఈ ప్రమాణపత్రం నేనిస్త."

"సార్, కామారెడ్డి పదవి..." ఆశన్న లేచి నిలబడ్డాడు. "మచ్చ ఉంటె ఇయ్యరు సార్. ఇరవై ఏండ్ల సంది చూస్తున్నరు."

"ఇంకో ఇరవై ఏండ్లు చూస్త. కుర్చీ ఇయ్యి."

ముప్పై అయిదేళ్ళలో బాలకృష్ణ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎత్తు తక్కువ కుర్చీ, మోకాళ్ళు బల్లకు తగిలాయి. ఆశన్నను కలం అడిగి తీసుకున్నాడు. కాగితం పై వరుసలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న ఆశన్న పేరును అడ్డంగా కొట్టేసి, దాని పైన తన పేరు రాయడం మొదలుపెట్టాడు.